వినే మనిషి

ప్రభుత్వం అందరి ఫోన్లూ వింటుందని మా ఆయన నమ్మేవారు. పోర్టులో క్రేన్ నడిపేవారు. యుద్ధనౌకలున్న ఊళ్లో ఎవరో ఒకరు వినకుండా ఉంటారా అనేవారు. అందుకని నాకు పంపే ప్రతి వాయిస్ మెసేజ్ చివరా ఆ వినే మనిషిని పలకరించేవారు.

"బావా, ఇంటన్నావా? ఇయ్యాల మా ఇంట్లో సేపల పులుసు. నువ్వేటి తిన్నావ్?"

నాకు భయం. "ఊరుకోండి, నిజంగా ఇంటే?" అనేదాన్ని.

"ఇననీయే. పాపం, ఆడితో మాటాడీవోలు ఎవులున్నారు?"

ఆయన పోయిన మూడో నెలలో నా ఫోన్ పాడైంది. కూర్మన్నపాలెం జంక్షన్‌లో రిపేరు షాపతను చూసి, మెసేజ్‌లేవీ మిగల్లేదన్నాడు.

"బ్యాకప్ ఎట్టుకోలేదేటమ్మా?"

పెట్టుకోలేదు. మన మాటలు పరాయి కంప్యూటర్లో ఎందుకని నేనే వద్దనుకున్నాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. సముద్రపు గాలికి కళ్లు మూతపడ్డాయి. ఎక్కడో ఒక చల్లటి గదిలో, ఇన్నేళ్లూ నేను భయపడిన ఆ మనిషి కూర్చుని ఆయన గొంతు వింటున్నాడు. దగ్గరికి వెళ్లి, నాకూ ఒక్కసారి వినిపించమని అడిగాను.

"ఏ రోజుది కావాలమ్మా?" అన్నాడు.

ఏదైనా పరవాలేదన్నాను.