ఆ గదిలో నా పక్షాన నిలబడిన చట్టం

ఇనుప కడ్డీల కిటికీ పక్కన నాలుగు నెలలు కూర్చుని, ఒక విశ్వాసి ఏనాడూ చేయకూడని పని నేను చేశాను సహోదరులారా! అయినా ఆ చెరలోనుండి నన్ను నడిపించి తెచ్చిన దేవుని మంచితనాన్ని గుండెల్లో దాచుకోలేక ఈ ఉదయం మీ ముందు నిలబడ్డాను.

నేను మీ సహోదరి సుజనను. రాయదుర్గం మెట్రో దిగి నడిచే దూరంలో ఒక ఆఫీసులో, కస్టమర్ల ప్రశ్నలకు చాట్‌లో జవాబులు రాసేదాన్ని. ఒకరోజు ఆ పనిని కంప్యూటర్‌కే అప్పగించి మమ్మల్ని ఇంటికి పంపించేశారు. అప్పుడు మాదాపూర్‌లో ఒక ఏజెంటు, విదేశంలో అదే పని ఉంది, టూరిస్టు వీసా మీద వెళ్తే చాలు, మిగతాది అక్కడ చూసుకుంటారు అన్నాడు. బాలానగర్‌లో ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేసే మా అమ్మకు చదువు లేదు, కాని అనుమానం వెంటనే వచ్చింది.

"ఏందే, పనికి పోతున్నవా, ఊరు చూడనీకి పోతున్నవా? జర ఆగు, ఎవరినన్న అడుగుదం."

"దేవుడు తలుపు తెరిస్తే నువ్వు గొళ్లెం పెడ్తవా అమ్మా?" అని నేనే ఎగతాళి చేశాను.

దిగిన రోజే పాస్‌పోర్టు లాక్కున్నారు. ఎత్తైన ప్రహరీ, గేటు దగ్గర తుపాకులు, లోపల వరుసగా కంప్యూటర్లు. తెలుగువాళ్లతో ఆన్‌లైన్‌లో స్నేహం చేసి, నమ్మించి, ఒక దొంగ యాప్‌లో డబ్బు పెట్టించాలి, అదీ పని! నేను క్రైస్తవురాలినని తెలియగానే అక్కడి సూపర్‌వైజర్ నవ్వి, అయితే మీ చర్చివాళ్లనే పట్టు అన్నాడు. ఒప్పుకోలేదని రెండు రోజులు అన్నం పెట్టలేదు, మూడో రోజు కొట్టారు. ఆ తరువాత రాశాను సహోదరులారా. 'వందనాలు అక్కా, మీ కోసం ప్రార్థిస్తున్నాను' అని మనం ఒకరినొకరం పలకరించుకునే మాటలతోనే రాశాను! తెనాలిలో ఒక అక్క నన్ను సొంత చెల్లెలిలా నమ్మి, దాచుకున్నదంతా పోగొట్టుకుంది. ఆ రోజు టేబుల్ కిందికి తల దించుకుని, "ప్రభువా, నన్ను ఇంటికి చేర్చకపోయినా సరే, నా వేళ్లను ఆపు" అని ఏడ్చాను.

దేవుడు అప్పటికే మా అమ్మను నడిపిస్తున్నాడని నాకు తెలియదు. నా ఫోను మూగబోయిన వారంలోనే ఆమె మన సంఘంలోని ఇద్దరు అక్కలను వెంటబెట్టుకుని పోలీసుల దగ్గరికి వెళ్లింది. ఆ ఫిర్యాదు సైబరాబాద్ నుండి ఢిల్లీకి, అక్కడినుండి మన రాయబార కార్యాలయానికి, అక్కడినుండి ఆ దేశపు పోలీసుల చేతికి వెళ్లింది. ఒకరి భాష ఒకరికి రాని మనుషులు, ఎన్నడూ చూడని ఒక వంటమనిషి కూతురి కోసం ఆ కాగితాన్ని సముద్రం దాటించారంటే, అది ఎంత గొప్ప సంగతి! ఒక ఉదయం గేటు తెరుచుకుంది, మమ్మల్ని బయటికి తెచ్చారు.

అయితే అసలు అపాయం అక్కడే ఉంది. మోసం చేసింది మా చేతులే కదా, మమ్మల్ని నేరస్థులుగా రాస్తే ఆ దేశపు జైలే గతి. వాంగ్మూలం తీసుకునే గదిలో నేను ఏం చేశానో తెలుసా? మన శుక్రవారం కూటంలో తప్పు ఒప్పుకున్నట్టు ఒప్పుకున్నాను! ఒప్పుకునేటప్పుడు ఎదుటివాడి పేరు ఎత్తకూడదని, 'వాడు చేయించాడు' అంటే అది పశ్చాత్తాపం కాదని మన పెద్దలు నేర్పారు కదా. అందుకే తల వంచుకుని, నేనే వచ్చాను, నేనే రాశాను, నన్ను శిక్షించండి అన్నాను. అధికారి అదంతా రాసుకుంటున్నాడు. బాధితుల తరఫున అక్కడ పనిచేసే లాయరమ్మ ఒకామె, దేవుని కృపను చూడండి, మన వరంగల్ ఆమె, చటుక్కున నా చేయి పట్టుకుంది.

"ఆగు బిడ్డా, ఇది చర్చి గాదు. నువ్వు గిట్లనే చెప్తే ఈ సారు గట్లనే రాస్తడు. నిన్ను ఎవరు పంపిన్రు, పాస్‌పోర్టు ఎవరు గుంజుకున్నరు, ఎవరు కొట్టిన్రు? అది చెప్పు."

"పని కాగితం మీద సంతకం నేనే పెట్టిన గద మేడమ్."

"మోసం చేసి పెట్టించుకున్న సంతకం ఒప్పుకున్నట్టు గాదు. నా సొంత మాట గాదిది, దేశాలన్నీ కూసొని రాసుకున్న చట్టం. బలవంతంగ ఎవరితోనన్న తప్పు చేయిస్తే, ఆ చేసినోళ్లను ముందు బాధితులుగ చూడాలె. నీ పాపం సంగతి దేవునితోని మాట్లాడుకో, ఈడ మాత్రం పేర్లు చెప్పు. నువ్వు దాస్తే వాడు రేపు ఇంకో పిల్లను తెస్తడు."

ఆ మాటతో నా కళ్లు తెరుచుకున్నాయి! నా దీనత్వం దొంగను కాపాడుతోంది! ఏజెంటు పేరు, సూపర్‌వైజర్ పేరు, జరిగింది జరిగినట్టు చెప్పాను. అధికారి మొదటి కాగితాన్ని పక్కన పెట్టి కొత్త కాగితం తీశాడు. ఆ కాగితంలో నేను బాధితురాలిని. మూడు వారాల్లో అమ్మ ముందున్నాను. ఆ చట్టాన్ని చదివి వినిపించేవారు లేక ఇంకా జైళ్లలో ఉన్నవారు ఉన్నారు గనుక, దానిని రాసినవారి కోసం, నిలబెట్టేవారి కోసం ప్రతిదినం ప్రార్థిస్తున్నాను.

తెనాలి అక్క కాళ్లు పట్టుకోవడానికి వెళ్లాను. తలుపు తీసి, నేనెవరో చెప్పగానే నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వేనా ఆ వందనాల పిల్లవి? మా ఆయన అదసలు మనిషే కాదు, మిషనన్నారు! తిడదామని ఎన్ని మాటలు దాచుకున్నానో తెలుసా? ఎముకల గూడులా ఉన్నావు, నిన్నేం తిట్టను? లోపలికి రా."

ఆమె పోలీసులకు తన ఫిర్యాదు కూడా ఇచ్చింది. మా ఇద్దరి మాటలు కలిసి ఆ ఏజెంటును పట్టించాయి. దేవునికే మహిమ!

సహోదరులారా, మీ ఇంట్లో ఎవరైనా పని కోసమని వెళ్లి మౌనంగా ఉన్నారా? తిరిగొచ్చి, తప్పు నాదే కదా అని సిగ్గుతో నోరు మూసుకున్నారా? దేవుని నమ్మండి, నోరు తెరవండి, పేర్లు చెప్పండి! వచ్చే మంగళవారం కోర్టులో ఆ ఏజెంటు ముఖం చూస్తూ నేను అతని పేరు పలకాలి. భయం లేదని అబద్ధం చెప్పను. కాని నన్ను విడిపించినవాడు ఆ గదిలో కూడా ఉంటాడు. మీలో వీలైనవారు వచ్చి నా వెనుక బెంచీల మీద కూర్చోండి.