మేనమామ బండిలో పిక్కల వాసన

మా వాళ్ళలో పెళ్ళికూతురు అత్తవారి గుమ్మం దాకా మేనమామ బండిలోనే వెళ్ళాలి. పెళ్ళి మగపెళ్ళివాళ్ళ ఇంటి దగ్గర జరుగుతుంది కాబట్టి ఆ ప్రయాణానికి పట్టింపులు ఎక్కువ. బండెక్కిన పిల్ల దారిలో కాలు కింద పెట్టకూడదు, బండి ఎక్కడా ఆగకూడదు. ఆగితే కాపురం కూడా అలాగే నడిమధ్యన ఆగుతుందని మా ఆడవాళ్ళ నమ్మకం. మా అమ్మ ఎడ్లబండిలో వెళ్ళింది. మా అప్పను మా మామ ట్రాక్టరు మీద దించాడు. అప్ప అంటే మా వైపు అక్క. ఆవిడ కూతురి వంతు వచ్చేసరికి మేనమామను నేను, నాకొక కారు ఉంది. ఎవరో వాడి వదిలేసిన చిన్న పెట్రోలు కారే, అయినా మా ఇంటావంటా కారున్న మొదటి మేనమామను నేనే. ఆ గర్వం నాకు కొంచెం ఎక్కువగానే ఉండేది.

నేను కాశీబుగ్గలో ఫ్యాన్లు, వైర్లు అమ్ముకునే చిన్న కొట్టు నడుపుతాను. అప్ప ఉద్దానంలో సముద్రం ఒడ్డున, మేం పుట్టిన ఊళ్ళోనే ఉంది. బావ చేపల వేటకు వెళ్తాడు. మేనకోడలు బడి మానేసిన దగ్గర్నుంచీ జీడి ఫ్యాక్టరీకి వెళ్ళేది. జీడిపిక్కలు కొట్టే పని. పిక్క పగిలినప్పుడు తొక్కలోంచి నల్లటి నూనె కారుతుంది. బూడిద రాసుకున్నా, గుడ్డపీలికలు చుట్టుకున్నా అది వేళ్ళను కాల్చి నల్లగా చేసేస్తుంది. ఇక ఆ వాసన అన్నం కలుపుకుంటున్నప్పుడు కూడా వదలదు. సంబంధం మాట్లాడేటప్పుడు అప్ప ఈ సంగతి మింగేసి, పిల్ల మిషను కుడుతుందని చెప్పింది. పూర్తి అబద్ధమేమీ కాదు. ఇంట్లో ఒక పాత మిషను ఉంది, పిల్ల చుట్టుపక్కల వాళ్ళకి జాకెట్లు కుట్టిపెట్టేది.

లగ్గం పెట్టుకోగానే పిల్ల ఫ్యాక్టరీ మానేసింది. కొబ్బరినూనె, పసుపు, చింతపండు, ఎవరేది చెబితే అది చేతులకు రుద్దుకుంటూ కూర్చునేది. ఒకసారి నేను వెళ్ళినప్పుడు రెండు చేతులూ నా ముఖం ముందు పెట్టింది.

"సూడు మావా, తెల్లబడినాయా నేదా?"

"పాలలాగున్నాయే," అన్నాను.

"మరంత అబద్దం సెప్పకు గానీ, వాసన సూడు."

చూశాను. కొబ్బరినూనె వాసన తప్ప ఇంకేమీ లేదు. అదే చెప్పాను. పిల్ల ముఖం వెలిగిపోయింది.

"ఇంక ఆ ఫ్యాక్టరీ గుమ్మం తొక్కను మావా. ఆల్లు నన్ను కుట్టుపని పిల్లనుకుంతన్నారు. అలగే అనుకోనీ. ఆడికెల్లి మిషనే పెట్టుకుంతాను. పెల్లినాడు మాత్రం నా దగ్గర పిక్కల వాసన రాకూడదు, అంతే."

నా బండిలో అగరొత్తుల వాసన తప్ప ఇంకోటి రాదని నేను మాటిచ్చాను.

ఇక కారు సంగతి. అప్ప ఊరి ఇసుక దారిలో తిరిగి తిరిగి దాని ఎయిర్ క్లీనర్ డబ్బా దుమ్ముతో నిండిపోయింది, మూత కొక్కెం విరిగింది. లోపలి ఫిల్టరు మార్చి, ఒక కొక్కెం వేయించుకుంటే పోయేది. కానీ నాకు ఫోన్లో వీడియోలు చూసే రోగం ఉంది. డబ్బా మొత్తం పీకేసి, గొట్టం చివర నేరుగా ఒక ఎర్రటి ఫిల్టరు తగిలించుకుంటే ఇంజను గర్రుమంటుందని ఎవరో కుర్రాడు చూపించాడు. మేనమామ బండి వస్తోందంటే వీధి చివరికే వినపడాలని నా కోరిక. వెంటనే ఆ ఫిల్టరు తెప్పించేశాను.

డబ్బా విప్పాక ఒక పేచీ వచ్చింది. దాని మూతకే వేలెడంత సెన్సరు ఒకటి గుచ్చి ఉంది. లోపలికి పోయే గాలి ఎంత వేడిగా ఉందో అది కారు కంప్యూటరుకి చెబుతుంది. ఆ మాట నమ్మి కంప్యూటరు పెట్రోలు వదులుతుంది. కొత్త ఫిల్టరుకి దాన్ని పెట్టే చోటే లేదు. గొట్టానికి కన్నం చేసి అందులోకి మార్చాలి. పలాసలో నా కారు చూసే మెకానిక్కుని అడిగాను. చుట్టరికం ఏమీ లేకపోయినా అతను నన్ను బావా అంటాడు.

"కన్నం ఎంతసేపు బావా. దానికి సరిపడా రబ్బరు బుష్షు కావాల. టెక్కలిలో దొరుకుతాదేమో సూత్తాను. తొందరేటి? పెల్లికి పాత డబ్బా ఎట్టుకునే ఎల్లిపో," అన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. బుష్షు కోసం గర్జన మానుకోవాలా? ఫ్యాన్లు బాగుచేసేవాడికి ఒక కన్నం పెట్టడం రాదా? కొట్టు వెనక కూర్చుని గొట్టానికి డ్రిల్లుతో కన్నం పెట్టాను. అది కాస్త పెద్దదయింది. సెన్సరు అందులో వదులుగా ఊగింది.

అప్పుడు మా నాన్న గుర్తుకొచ్చాడు. వేట మొదలయ్యే ముందు ఏటేటా పడవ అతుకుల్లో పీలికలు కూరి, మరిగించి చిక్కబరచిన జీడినూనె పట్టించేవాడు. ఆ పడవలోకి చుక్క నీరు వచ్చేది కాదు. సముద్రాన్ని ఆపిన నూనె ఇంత గాలిని ఆపలేదా అనుకున్నాను. తెలిసిన జీడి ఫ్యాక్టరీలో అడిగి ఒక చిన్న డబ్బాలో నూనె తెచ్చి, పొయ్యి మీద మరిగించి, సెన్సరు చుట్టూ పీలికలు కూరి మందంగా పట్టించాను. పైపైన ఆరింది. ఇంజను స్టార్ట్ చేస్తే గర్రుమంది. బెజ్జం పూడ్చడంలో తండ్రికి తగ్గ కొడుకునని మా ఆవిడ దగ్గర గొప్పలు కూడా పోయాను. నాన్న పడవ చల్లటి నీళ్ళలో తిరిగింది, నా సెన్సరు మండే ఇంజను పక్కన కూర్చుంది. ఆ తేడా నాన్నకైతే తట్టేది, నాకు తట్టలేదు.

పెళ్ళినాడు పొద్దున్నే కారుకి బంతిపూల దండలు కట్టుకుని అప్ప ఊరు వెళ్ళాను. నేను కోరుకున్నట్టే వీధి చివరికే వినపడింది. పిల్లలు పరిగెత్తుకొచ్చారు. చుట్టాల వ్యాను ముందు వెళ్ళిపోయింది. వెనక సీట్లో పిల్లను కూర్చోబెట్టి, పక్కన అప్ప కూర్చుంది. పిల్ల చేతులకు మోచేతుల దాకా ఎర్రగా పండిన గోరింటాకు. వేళ్ళ చివర ఇంకా మిగిలిన నలుపు ఆ ఎరుపులో కలిసిపోయింది.

మగపెళ్ళివారిది మందస దగ్గర పల్లె. ముందు జీడితోటల మధ్య ఇసుక దారి, తర్వాత తారు రోడ్డు, హైవే దాటితే వాళ్ళ వైపు. ఇసుకలో మొదటి గేరులోనే చాలాసేపు లాగాల్సి వచ్చింది. తారు రోడ్డు ఎక్కాక కారు వేగం అందుకోలేదు. తొక్కుతుంటే అరుపు ఉంది గానీ బలం లేదు. అంతలో ఏసీ కన్నాల్లోంచి సన్నటి పొగ వచ్చింది. దాని వెనకే వాసన. పలాసలో పుట్టిన పసివాడికి కూడా తెలిసే వాసన, జీడిపిక్క కాలే వాసన.

అద్దంలో చూశాను. పిల్ల ముక్కు మూసుకోలేదు. ముందు తన చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది.

అది చూశాక నాకు చచ్చేంత సిగ్గు వేసింది. అద్దాలు దించాను. గాలికి పొగ ఇంకా లోపలికే తిరిగింది. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

"ఆపకురా! ఒరే, ఆపకు!" అని అప్ప అరిచింది.

"నానేటి ఆపినానా? అదే ఆగిపోనాది."

"అమ్మా, కల్లు మండిపోతన్నాయి. దిగీనా?" అంది పిల్ల.

"దిగకు! కాలు కింద పెట్టకు!" అని అప్ప రెండు చేతులతో పిల్లను పట్టేసుకుంది.

బోనెట్ ఎత్తితే నా పనితనం కనిపించింది. నూనె వేడికి కరిగి జారిపోయింది. సెన్సరు ఊడి, ఇంజను ఇనుము మీదకి వేలాడుతోంది. గాలి నిప్పులా ఉందని అది కంప్యూటరుకి చెబుతోంది, కంప్యూటరు పెట్రోలు తగ్గించేస్తోంది. కరిగిన నూనె చుక్కచుక్కగా సైలెన్సర్ గొట్టం మీద పడి కాలుతోంది. కొత్త కండువా చింపి, సెన్సరుకి చుట్టి కన్నంలోకి దూర్చాను. పూలదండకి కట్టిన తీగ విప్పి దాన్ని బిగించాను. గొట్టం మీద నూనె తుడవబోతే వేలు కాలింది. ఆ కాస్త కాలడం నాకు నయమనిపించింది. ఇదంతా అయ్యేదాకా పెళ్ళికూతురు ఆ పొగలోనే కూర్చుంది.

కారు కదిలాక అప్ప మా ఇద్దరి చేతా గంగమ్మ మీద ఒట్టు పెట్టించుకుంది. బండి ఆగినట్టు ఎక్కడా నోరు జారకూడదు. పిల్ల తలలోని మల్లెపూలను ముందుకు లాక్కుని పట్టుచీర కొంగుకు అద్దుకుంటూ వచ్చింది. ఏం లాభం? పిక్కల పొగ బట్టకు పట్టిందంటే ఉతికినా పోదు.

గుమ్మం దగ్గర హారతి పట్టుకుని పిల్ల అత్తగారు నిలబడింది. గట్టి మనిషే గానీ చెడ్డ మనిషి కాదు. హారతి తిప్పుతూ తిప్పుతూ ఆగింది.

"ఏటే ఇది, పిక్కల కంపు కొడతంది?"

అందరూ పిల్లనే చూశారు. నేను చెప్పాలి. నా కారు దగ్గర్నుంచి వచ్చిందమ్మా, దారిలో ఆగిపోయాం అని నేనే చెప్పాలి. చెబితే శకునం చెడిందని అక్కడే గుసగుసలు మొదలవుతాయి. చెప్పకపోతే ఏమవుతుందో ఆలోచించే లోపే అప్ప వెనక నుంచి నా చొక్కా పట్టుకుని లాగింది. ఇంతలో పిల్ల తల వంచుకుని, గోరింటాకు చేతులు రెండూ ముందుకు చాపింది.

"నా సేతులేనత్తా. పిక్కలు కొడతాను కదా, పట్టీసింది. ఎంత కడిగినా పోలేదు."

"మరి మిషను కుడతాదన్నారు?"

అప్ప ముఖంలో నెత్తుటి చుక్క లేదు. అత్తగారు ఒక చేతిని పట్టుకుని, వేళ్ళ చివరలు తిప్పి చూసింది.

"బాగా పని సేసిన సెయ్యే. దాసడం దేనికమ్మా? మా ఈదిలో ఆడోలందరూ పిక్కలకే ఎల్తారు. పద, కుడికాలు పెట్టి రా."

అందరూ నవ్వారు. గండం గడిచింది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు సిగ్గు కన్నా ముందు హాయే కలిగింది. పెళ్ళి భోజనంలో రెండోసారి పాయసం కూడా వేయించుకున్నాను. ఆ పాయసంలో జీడిపప్పు ఉంది.

నెల తిరక్కుండానే అత్తగారు కోడలిని తన వెంట ఫ్యాక్టరీకి తీసుకెళ్ళింది. బలవంతమేమీ లేదు, వచ్చిన పనే కదా అంది. మిషను అప్ప ఇంట్లోనే ఉండిపోయింది. వెళ్ళి నిజం చెప్పేస్తానంటే అప్ప ఒట్టు గుర్తు చేసింది. ఇప్పుడు చెబితే పిల్ల పనీ మారదు, అత్త ముందు అబద్ధాలకోరని పేరు మాత్రం వస్తుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. ఇక్కడ కాలినవి నా చేతులు కూడా కావు.

మెకానిక్ టెక్కలి నుంచి రబ్బరు బుష్షు తెప్పించాడు. కొత్త గొట్టం వేసి, ఇంజను వేడి తగలని చోట సరిపడా కన్నం పెట్టి, సెన్సరుని బుష్షులో కూర్చోబెట్టాడు. నేను పూసిన నూనె మచ్చలు గీకుతూ, "కారనుకున్నావా, పడవనుకున్నావా బావా?" అని పగలబడి నవ్వాడు. మామూలు రోజుల్లోనైతే నేనూ నవ్వేవాణ్ణి.

మొన్న గంగమ్మ సంబరానికి పిల్లను పుట్టింటికి తీసుకురావడానికి నేనే మందస వెళ్ళాను. ఫ్యాక్టరీ నుంచి వచ్చీ రాగానే బయల్దేరింది. ముందు సీట్లో నా పక్కనే కూర్చుని, అత్తవారింటి కబుర్లు చెబుతూనే ఉంది. మొగుడు మంచివాడట, అత్త చేపల పులుసు బాగా వండుతుందట. కారు హాయిగా పరిగెడుతోంది. సుమ్మాదేవి ఊరు దాటుతుండగా ఆ వాసన వచ్చింది. అలవాటుగా బోనెట్ వైపు చూసి, బ్రేకు మీద కాలు వేశాను.

పిల్ల కబుర్లు ఆపి, ఒళ్ళో ఉన్న చేతులు కొంగు కిందకి లాక్కుంది.

"ఆపకు మావా," అంది. "ఈ మాటు నీ బండి కాదు."

నేను కారు ఆపలేదు. అద్దం దించబోయి, అది కూడా మానుకున్నాను.