తూకంలో కనపడని కాళ్ళు

రెండు వేల ఇరవై, మార్చి నెలాఖరు. మదనపల్లెలో మగ్గాలు ఎక్కువగా ఉండే ఒక వీధిలో మా అంగన్‌వాడీ సెంటరు. నేను అక్కడ ఆయాని. పిల్లలను ఇళ్ళ నుంచి పిలుచుకురావడం, వండి పెట్టడం, నిద్రపుచ్చడం, సాయంత్రం ఊడ్చి తాళం వేయడం నా పని. రాతపని టీచరమ్మది. తల్లికి బాగాలేదని ఆమె కుప్పం పోయిన రెండో రోజే బస్సులు ఆగిపోయాయి.

సెంటరు మూసేశారు గానీ పని ఆగలేదు. గుడ్లు, పాలు, బాలామృతం పొడి ఇంటింటికీ చేర్చాలి. దాన్ని టేక్ హోమ్ రేషన్ అంటారు. నెలకొకసారి బరువులు కూడా చూడాలి. నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటాక, సెంటరు గోడ మీది బొమ్మల పటం చూసి, పిల్లలతో పాటే. అందుకే టీచరమ్మ ఫోను చేసి, గ్రోత్ చార్టు కూడా నువ్వే పెట్టాలి అన్నప్పుడు, ఎట్లా పెట్టాలో రెండుసార్లు చెప్పించుకున్నాను. గ్రోత్ చార్టు అంటే ఒక్కో బిడ్డ పేరుతో ఉండే కాగితం. వయసుకు తగ్గ బరువుంటే చుక్క ఆకుపచ్చ పట్టీలో పడుతుంది. తగ్గితే పసుపు, మరీ తగ్గితే ఎరుపు.

మూడేళ్ళు దాటిన వాళ్ళను నిలబెట్టి తూచే మిషను సెంటరులో ఉంది. అది మోసుకుని ఇల్లిల్లూ తిరగలేను. చంటిపిల్లలకు వేరే కాటా ఉంటుంది. గడియారంలా గుండ్రంగా ఉండి, కింద కొక్కేనికి గుడ్డ ఉయ్యాల తగిలిస్తారు. ఇరవై ఐదు కిలోల దాకా తూగుతుంది. దాన్ని సంచిలో వేసుకుని పోయి, దూలం దొరికిన చోట కట్టి, పెద్దపిల్లలను కూడా అందులోనే కూర్చోబెట్టేదాన్ని. తూకం సరిగ్గానే వచ్చేది.

లిఖితకు అప్పుడు నాలుగున్నరేళ్ళు. రెడ్డెప్ప, సుజాతల కూతురు. సెంటరులో అన్నం తినిపించాలంటే దాని వెనక పరుగెత్తలేక ఆయాసం వచ్చేది నాకు. వాళ్ళ ఇల్లు ఒకటే గది. అందులో సగానికి పైగా మగ్గం, మగ్గం దగ్గర కాళ్ళు పెట్టుకుని నేసే గుంట. పడుగు, అంటే పొడుగునా లాగి కట్టిన పట్టు దారాలు, గది ఈ కొస నుంచి ఆ కొసకు ఉంటుంది.

లాక్‌డౌన్ మొదలైన వారంలో లిఖిత ఆడుకుంటూ పోయి ఆ పడుగు మీద పడింది. బోలెడు పోగులు తెగాయి. రెడ్డెప్ప కొట్టలేదు. తెగిన పోగులన్నీ రెండు రోజులు కూర్చుని ఒక్కొక్కటే అతికాడు. అదే ఆఖరు పడుగు. అది అయిపోతే పట్టు మళ్ళీ ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. దాంతో బిడ్డను గోడకూ మగ్గానికీ మధ్య చాప వేసి కూర్చోబెట్టారు. వీధిలో ఒకరి తర్వాత ఒకరికి కరోనా వస్తోందని రెండు వైపులా కట్టెలు అడ్డం కట్టారు, కాబట్టి బయటికి పంపే దారి లేదు. సుజాత తల్లి నరసమ్మ చుట్టపుచూపుగా పుంగనూరు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. స్నానానికైనా, దొడ్డికైనా మనవరాలిని ఆమే చంకనెత్తుకునేది.

ఏప్రిల్, మే, జూన్. నేను పోయే సరికి నరసమ్మ బిడ్డను చంకలో తెచ్చి ఉయ్యాలలో పెట్టేది, తూచగానే మళ్ళీ ఎత్తుకునేది. మూడు చుక్కలూ ఆకుపచ్చలోనే పడ్డాయి. గీత నిక్కబొడుచుకుని పైకి పోయింది. మా సెంటరులో అంత బాగా పెరిగిన బిడ్డ ఇంకొకరు లేరు. ఆ కాగితం చూసుకుని సంతోషపడ్డాను.

జులైలో ఒక పొద్దున నేను పోయేసరికి నరసమ్మ బియ్యం వరసలో నిలబడడానికి పోయింది. సుజాత చేతుల్లో దారాలు. లేచే వీలు లేక, బిడ్డనే పిలవమంది. నేను గడప దగ్గర నిలబడి గుడ్డు చూపించాను. లిఖిత చాప మీది నుంచి లేవలేదు. రెండు చేతులూ నేలకు ఆనించి, పిర్రల మీద దేక్కుంటూ మగ్గం కింద నుంచి వచ్చింది.

"కాళ్ళకేమైంది బిడ్డకు?" అన్నాను.

సుజాత తలెత్తకుండానే, "ఏం కాలేదు ఆయమ్మా. మగ్గం కింద దూరాలంటే అట్లనే కదా వచ్చేది" అంది.

లేపి నిలబెట్టమన్నాను. మోకాళ్ళు వంగిపోయాయి. తలుపు పట్టుకుని ఒక క్షణం వణికి, నొప్పిగా ఉందని ఏడ్చి కూలబడింది. సుజాత చేతిలోని దారాలు వదిలేసింది. నడవడానికి చోటే లేని ఇంట్లో, బిడ్డ నడవడం లేదని ఎవరి కళ్ళకూ ఆనలేదు.

నరసమ్మ వచ్చీ రాగానే నా మీద పడింది. పోలియో అని ఆమె భయం.

"సుక్కలు ఏపించినారా లేదా మీరు?"

"ఏపించినాం నరసమ్మా. నేనే ఎత్తుకోని పోయినా."

"మరి కాళ్ళు యాల నిలబడ్ల్యా? ఉరికే బిడ్డమ్మా ఇది."

ఇంటికి పోయి ఫోను చేస్తే, ఇంకా కుప్పంలోనే ఉన్న టీచరమ్మ అంతా విని, "నిలబెట్టి తూయలేదా?" అని ఒక్క మాటే అడిగింది. తర్వాత ఏఎన్‌ఎంను, అంటే మా వీధి ఆరోగ్యం చూసే నర్సును, పంపిస్తానంది.

నర్సు మరునాడు వచ్చి మోకాళ్ళు, పాదాలు, నడుము అన్నీ నొక్కి చూసింది. పోలియో లక్షణాలు లేవంది. ఎండ లేక, నడక లేక కండలు సడలిపోయాయి, పైగా బరువు పెరిగింది అంది. రోజూ ఎండలో కొంచెం కొంచెం నడిపించాలి. రెండు వారాల్లో మెరుగు లేకపోతే పెద్దాసుపత్రికి తీసుకుపోక తప్పదు. ఆ రోజుల్లో పెద్దాసుపత్రి పేరు వింటేనే ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. నరసమ్మ బిడ్డను గట్టిగా పట్టుకుంది.

నర్సు పోయాక రెడ్డెప్ప మగ్గం వెనక తాడు విప్పాడు. బిగించిన పడుగును మధ్యలో దించరు. మళ్ళీ బిగిస్తే అక్కడ చీరలో సన్నగా అడ్డగీత పడుతుంది, ఎంత నేర్పుగా నేసినా పోదు. అది నాకూ తెలుసు కాబట్టి వద్దన్నాను.

"గీత పడితే పడనీలే ఆయమ్మా" అన్నాడు. "నడిచేదానికి ఇంట్లో ఇంగ చోటు యాడుండాది?"

పడుగును చుట్టి దూలానికి కట్టాడు. గుంట మీద పలకలు పరిచాడు. గడప నుంచి వెనక గోడ దాకా దారి వచ్చింది. తూర్పు వాకిలి కనుక పొద్దున ఎండ సగం గది దాకా పడేది. అప్పటి నుంచి రోజూ ఒక గంట అంతే. దించడం, నడిపించడం, మళ్ళీ బిగించడం.

మొదటి రోజు లిఖిత నాలుగు అడుగులు వేసి ఏడ్చింది. నరసమ్మ పరుగున పోయి ఎత్తుకుంది. మూడో రోజూ అదే చేసింది. రెడ్డెప్ప నవ్వి, "అత్తా, నీ కాళ్ళే దానికి పెట్టిస్తే సరిపోతాదేమో" అన్నాడు. ఆమె అలిగి వాకిట్లో కూర్చుంది. ఆ రోజు లిఖిత ఇంకో రెండు అడుగులు వేసింది.

గుడ్డు ఇచ్చే నెపంతో నేను రోజూ పోయి గడప దగ్గరే నిలబడేదాన్ని. తొమ్మిదో రోజు అనుకుంటా, లిఖిత మగ్గం కట్టె పట్టుకుని నిలబడి, "ఆయా, ఈడికి తెచ్చియ్యి" అంది.

"నువ్వే రా."

"నీకు కాళ్ళు లేవా?"

ఇంట్లో అందరూ నవ్వారు. నేను కదలలేదు. మూతి ముడుచుకుని, కట్టె వదిలి, ఒక్కతే నా దాకా వచ్చి గుడ్డు లాక్కుని పోయింది. నరసమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది.

రెండు వారాలకు నర్సు వచ్చి చూసి ఆసుపత్రి అవసరం లేదంది. వీధిలో కట్టెలు తీసేశాక ఆ పిల్ల పరుగెత్తి పడి మోకాలు చీరుకుంటే, నరసమ్మ తిడుతూనే పసుపు అద్దింది. ఆ చీరలో గీతలు పడ్డాయని రెడ్డెప్ప తర్వాత చెప్పాడు, ఎవరినీ తప్పు పట్టకుండా.

నర్సు రెండోసారి వచ్చి పోయిన వారంలోనే మా సెంటరు పిల్లలందరి ఇళ్ళకూ మళ్ళీ పోయాను. ఆకుపచ్చలో ఉన్న ఇంకో ఇద్దరు నాలుగు అడుగులకే ఒగర్చారు. నేను రాసిన బరువులన్నీ నిజమే. కానీ కాటా చెప్పేది బరువు ఒక్కటే. మిగిలింది నేను చూసుకోవాల్సింది, చూడలేదు. ఇప్పుడు ఏ ఇంటికి పోయినా సంచి తెరవక ముందే బిడ్డను చంక దించమంటాను, నాలుగు అడుగులు వెనక్కి పోయి పిలుస్తాను. చేతిలో పని ఉన్న తల్లులు విసుక్కుంటారు. విసుక్కోనీ. బిడ్డ నా దాకా నడిచి వచ్చాకే తూస్తాను.