శనివారం కారు తీసిన డాక్టరుగారు

నాకు చదువు లేదు. నోటితో చెబుతున్నాను, రాసేవాళ్లు రాస్తున్నారు.

షికాగో పక్కన మా అమ్మాయి ఇంటిని ఆనుకుని ఒక యూదు డాక్టరుగారు ఉండేవారు. ప్రాక్టీసు మానేసి, నాలుగు వందల ఏళ్ల కిందటి యూదు వైద్యుడొకాయన జీవితం రాసుకుంటూ వరండాలో కూర్చునేవారు. మా ఆయన పోయాక నేను అక్కడికి వెళ్లి, పగలు మనవరాలిని చూసుకునేదాన్ని. పాపని చంకనేసుకుని ఆయన దగ్గర కూర్చునేదాన్ని. ఆయన నా వంట ముట్టరు, నేను ఆయన వంట ముట్టను. అందుకే మాకు బాగా కుదిరింది. ఎదురుగా కూర్చుని నెమ్మదిగా చెబితే ఆయన ఇంగ్లీషు నాకు తెలిసేది, నా ముక్కలు ఆయనకి తెలిసేవి. పాప పిలిచినట్టే ఆయనా నన్ను "అమ్మమ్మా" అనేవారు, నాకంటే పదేళ్లు పెద్దయి ఉండి.

ఆ వైద్యుడిది పోర్చుగలట. యూదుడని తెలిస్తే చంపే రోజులు. ఊళ్లు పట్టుకు తిరిగాడు. ఏ ఊళ్లో మంచి పేరొస్తే ఆ ఊరినుంచే తరిమేవాళ్లు. గొప్పవాళ్లకీ వైద్యం చూశాడు, పూట గడవనివాళ్లకీ చూశాడు. ఒకచోట ఇల్లు దోచి, రాసుకున్న కాగితాలన్నీ పట్టుకుపోతే మళ్లీ మొదటినుంచి గుర్తు చేసుకుని రాశాడు.

"బతికినవాళ్ల సంగతే కాదు అమ్మమ్మా, తన చేతిలో పోయినవాళ్ల సంగతీ దాచలేదు," అనేవారు డాక్టరుగారు.

ఆ మాటకి నాకు ఆ మనిషి మీద భక్తి కుదిరింది. మా ఆయనకి వైద్యం చేసినతను ఆఖరున మొహం చాటేశాడు మరి.

శుక్రవారం పొద్దుగూకితే, వాళ్ల మతనియమమట, డాక్టరుగారు మరునాడు చీకటిపడేదాకా పొయ్యి వెలిగించరు, ఫోను ఎత్తరు, కారు తీయరు. మా అత్తగారి మడి చూసినదాన్ని, నాకు వేరే చెప్పక్కర్లేదు. ఆ రోజు పాపని అటు పోనిచ్చేదాన్ని కాదు.

ఒక శనివారం మధ్యాహ్నం అమ్మాయీ అల్లుడూ డ్యూటీలో ఉన్నారు. పాపకి జ్వరం పెరిగి, కళ్లు తేలేసి, కాళ్లూ చేతులూ కొట్టుకోసాగింది. ఫోనులో ఇంగ్లీషు మాట్లాడి మనిషిని పిలవడం నాకు రాదు. ఎత్తుకుని పరిగెత్తాను. డాక్టరుగారి మెట్ల దాకా వెళ్లి ఆగిపోయాను. ఆయన మడి పాడుచేస్తానా అని ఎదురింటి తలుపు బాదాను. ఎవరూ లేరు. నా ఏడుపు విని డాక్టరుగారే బయటికి వచ్చారు.

"మీరు ముట్టుకోవద్దు! ఇంకెవరినైనా చూస్తాను!"

"ఎవరిని చూస్తావు? నేను డాక్టరునా, గోడనా? ఇటివ్వు!"

పాపని పక్కకి తిప్పి నోరు చూశారు. లోపలికెళ్లి కారు తాళాలు తెచ్చారు.

"అయ్యో, మీ వ్రతం!"

"ప్రాణం మీదికొస్తే వ్రతం లేదు. అంబులెన్సు వచ్చేలోపు మనమే చేరతాం. ఎక్కు, దెబ్బలాట దారిలో పెట్టుకుందాం."

దారిలో, నా ఏడుపు ఆపడానికి కాబోలు, చెప్పారు. ఆ వైద్యుణ్ని వెళ్లగొట్టమని ఊరిని రెచ్చగొట్టిన పెద్దమనిషికే జబ్బు చేసి, శనివారంనాడు కబురు పంపాడట.

"వెళ్లాడా?"

"గుర్రమెక్కాడు. నా కారుకంటే ఆ గుర్రమే నయమై ఉంటుంది."

ఆస్పత్రిలో సూది వేశారు. చాలాసేపటికి పాప కళ్లు తెరిచి నీళ్లడిగింది. ఆస్పత్రివాళ్లు ఫోను చేస్తే అమ్మాయి ఉరుక్కుంటూ వచ్చి పాపని చూసుకుని, డాక్టరుగారి చేతులు పట్టుకుంది.

"అంకుల్, రండి, మిమ్మల్ని ఇంటి దగ్గర డ్రాప్ చేస్తాను."

ఆయన కదల్లేదు. "పాప బాగుంది. ఇంక నేను కారెక్కడానికి కారణం లేదు. చీకటిపడ్డాక వెళతాను."

"ఇది సమ్మర్ కదా, అంకుల్! రాత్రి తొమ్మిదైతేగానీ చీకటి పడదు."

"కూర్చోవడం నాకు బాగానే వచ్చు."

పాపని అమ్మాయికి వదిలి, బల్ల మీద ఆయన పక్కన కూర్చున్నాను.

"ఆ పెద్దమనిషి బతికాడా?"

"లేదు. అదీ రాశాడు."

"మరి వైద్యుడు?"

"టర్కీ వెళ్లిపోయాడు. అక్కడ ప్లేగు వస్తే జనానికి వైద్యం చేస్తూ తనూ పోయాడు."

చీకటిపడేదాకా ఆయనతోపాటే కూర్చున్నాను. ఆ వైద్యుడు ఎలాంటి మనిషో చూడాలని అంతకుముందు ఎన్నోసార్లు అనిపించేది. ఆయన పక్కన కూర్చున్న ఆ సాయంత్రం నుంచి అనిపించలేదు.