తొట్లో రిగ్గు ట్రైనింగు

మొన్న ట్యాంకరు వచ్చిన పొద్దు మా వీధి వీధంతా కలిసి నన్ను కాళ్ళు పట్టుకుని నీళ్ళతొట్లోంచి బయటికి లాగినారు. నవ్వండి, పర్వాలేదు. లాగినోళ్ళే ముందు నవ్వినారు.

నాకు గిద్దలూరులో వెల్డింగు షాపు. గేట్లు, కిటికీ గ్రిల్లులు చేస్తా. ఈ మధ్య అందరూ రెడీమేడ్ గేట్లకు ఎగబడతా ఉంటే నా మిషనూ, నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటా కూర్చున్నాం. అప్పుడు కాకినాడలో ఉండే మా చిన్నాయన కొడుకు ఫోన్ చేసినాడు.

"అన్నా, ఆఫ్‌షోర్ రిగ్గులో వెల్డర్లు కావాలంట. సముద్రం మధ్యలో ఇనప కాళ్ళ మీద నిలబడి ఆయిలు బావి తవ్వుతాదే, అది! జీతమెంతో వినాలంటే కూర్చోని వినాల."

ఇంటర్వ్యూ ఫోన్లోనే. వెల్డింగు గురించి అడిగిందానికల్లా టకటకా చెప్పినా. ఆఖర్న ఆ సారు, "నీళ్ళంటే భయమా?" అన్నాడు.

"అస్సల్లేదు సార్!"

అబద్ధం కాదండీ. భయపడేటన్ని నీళ్ళు మా వీధికి ఎప్పుడొచ్చినాయి?

"గుడ్" అని ఆయన, ఉద్యోగానికి ముందు ఒక ట్రైనింగు ఉంటాదని, అదేందో చెప్పినాడు. రిగ్గుకు హెలికాప్టర్లో పోవాలంట. అది నీళ్ళలో పడితే ఎట్ల బయటపడాలో నేర్పుతారంట. హెలికాప్టర్ లాంటి డబ్బాలో బెల్టు పెట్టి కూర్చోబెట్టి, నీళ్ళలో దించి, తలకిందులు చేస్తారంట. మనం ఊపిరి బిగబట్టి, బెల్టు ఊడదీసుకుని, కిటికీలోంచి ఈవలికి రావాలంట. అది పాసైతేనే ఉద్యోగం!

ఫోన్ పెట్టేసినాక కూడా నేను ఊపిరి బిగబట్టే ఉన్నా.

మా ఇంటామె సుజాతకు ఇదేదీ చెప్పలేదు. నేను మార్కాపురం పోయి ఆఖరి బస్సు తప్పితేనే ఆమె అన్నం తినదు. సముద్రమంటే ఇంకేమన్నా ఉందా! పాసైనాక చెబుదాంలే అనుకున్నా. కంభం చెరువులో నేర్చుకుందామంటే, నేను ఇల్లు చేరేలోపే ఆ కబురు ఇల్లు చేరతాది. ఇక మిగిలింది మా పెరట్లో సిమెంటు తొట్టి.

ఆ పొద్దు ట్యాంకరు కాడ ముందు మా వంతే వచ్చింది. తొట్టి నిండింది. సుజాత మళ్ళీ బిందెలు పట్టుకుని వరుసలోకి పోయింది. ఇదే టైము! ఉత్త తల ముంచితే ఏం ట్రైనింగు? తలకిందులన్నారు కదా, తొట్టిగోడ మీద తల లోపలికి వేలాడేసి బోర్లా పడుకున్నా. బెల్టన్నారు కదా, నడుముకు తాడు చుట్టి పక్కన ఇనప పైపుకు కట్టినా. పనోడి ముడి, గట్టిది. ఊపిరి పీల్చుకుని తల ముంచినా.

తడిసిన ముడి ఇంకా బిగుసుకుంటాదని నీళ్ళలోకి పోయినాక గుర్తొచ్చింది. లేద్దామంటే చేతులు పాచికి జారతా ఉన్నాయి. మిగిలినవి కాళ్ళే. గాల్లో కొట్టినా.

ప్రహరీ అవతల నుంచి పక్కింటి ఖాసింబీ ఖాలా ఆ కాళ్ళు చూసింది.

"యా అల్లా! సుజాతా! మీ ఆయన తొట్లో దూకినాడే!"

వరుస వరుసంతా బిందెలు అక్కడే పడేసి ఉరికొచ్చింది. ఎవరో కొడవలితో తాడు కోసినారు. కాళ్ళు పట్టి లాగి నేల మీదేస్తే, ఖాలా వచ్చి నా వీపు మీద దబదబా బాదింది.

"ఏం కష్టమొచ్చింది నాయనా? మొగుడూ పెళ్ళాలు కొట్లాడుకుంటే తొట్లో పడతారా?"

సుజాత మొహంలో నెత్తురు చుక్క లేదు. అది చూసి ఇంక దాచలేకపోయినా.

"కొట్లాట లేదు ఖాలా! ట్రైనింగు! నాకు సముద్రంలో ఉద్యోగం!"

ఖాలా బాదేది ఆపి అనింది: "తొట్లోనే ఇట్లయితే, సముద్రంలో నీ కాళ్ళెవరు చూస్తారు నాయనా?"

ఇంక చూడండి నవ్వులు! ఈ నవ్వుల్లో, వరుసలో ఎవరూ లేరని ట్యాంకరాయన బండి తీసుకుని పోయినాడు. దాంతో వీధంతా మా తొట్టి మీద పడి, నేను మునిగిన నీళ్ళే బిందెలకు ముంచుకుని పోయినారు.

సుజాత ఒక్కతే నవ్వలేదు. సాయంత్రం టీ గ్లాసు నా ముందు పెట్టి, పక్కన కూర్చునింది.

"ఎన్నాళ్ళుండాల అక్కడ?"

"నాలుగు వారాలు. తర్వాత నాలుగు వారాలు ఇంటికాడే. పనేముండదు."

"పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటావా?"

"ఆ."

"సముద్రానికి పోతే పో. ఆ ఇంట్లో ఉండే నాలుగు వారాలు నీతో నేనెట్ల పడాల?"

అని నవ్వింది. కళ్ళు మాత్రం కొంగుతో తుడుచుకునింది. "నాకు చెప్పకుండా ఊపిరి బిగబట్టేది ఇదే ఆఖరు" అని లేచిపోయి, మిగిలిన నీళ్ళు బకెట్లో పోసుకొచ్చి, నా మెడ వెనక చెయ్యేసి చొక్కా గట్టిగా పట్టుకునింది.

"తాడు లేదు, గీడు లేదు. ముంచు. ఆగలేకపోతే నేను లాగుతా."

ముంచినా. మొహానికి చల్లగా, మెడ మీద వెచ్చగా ఉంది. భయం ఎటు పోయిందో తెలీదు. ఆమే గాబరా పడి లాగేదాకా లేవలేదు!

ఇప్పుడు ఊపిరికి ఢోకా లేదు. ట్రైనింగోళ్ళను ఒక్కటే అడగాల: డబ్బా తలకిందులైనప్పుడు మెడ మీద చెయ్యేసేదానికి మనిషిని వాళ్ళే ఇస్తారా, మనమే తెచ్చుకోవాల్నా?