తెల్ల కాగితం మీద నలభై బొటనవేళ్ళు

నలభై మంది భర్తలు ఒకేసారి మీ గది ముందుకొచ్చి నిలబడితే ఎలా ఉంటుందో మీరు ఊహించి ఉండరు. నేనూ ఊహించలేదు, ఏకంగా చూసేశాను. నలభై అంటే కాస్త ఎక్కువ చెప్పాను లెండి, వచ్చింది పద్నాలుగు మందే. భయపడేవాడి లెక్క అలాగే ఉంటుంది. ఆ రోజు నా పరువు, నా డిగ్రీ, నా వీపు మూడూ ఒకే తాడు మీద వేలాడాయి. ఆ తాడు పేనింది కూడా నేనే.

అప్పుడు నేను ఫోరెన్సిక్ సైన్సు చివరి సంవత్సరంలో ఉన్నాను. మాది ఒంగోలు పక్క. ఎల్బీ నగర్‌లో సత్తెమ్మ ఆంటీ వాళ్ళ మేడ మీద ఒక గదిలో కిరాయికి ఉండేవాణ్ణి. నా ప్రాజెక్టు ఏమిటంటే, ఆడవాళ్ళ వేలిముద్రకీ మగవాళ్ళ వేలిముద్రకీ తేడా. మన వేళ్ళ మీద గీతలుంటాయి కదా, అవి సాధారణంగా ఆడవాళ్ళకి సన్నగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. మగవాళ్ళకి కాస్త లావుగా, ఎడంగా ఉంటాయి. ఒకే కొలత గడి గీసి లెక్కపెడితే ఆడవాళ్ళ గడిలో ఎక్కువ గీతలు పడతాయి. నలభై మంది మగవాళ్ళవి, నలభై మంది ఆడవాళ్ళవి బొటనవేలి ముద్రలు తెచ్చి, లెక్క తేల్చి, సోమవారం పొద్దున ఇవ్వాలి. ఇవ్వకపోతే సంవత్సరం గోవిందా.

మా మేడం ముందే చెప్పారు. కాలేజీ పేరు అచ్చేసిన ఫారం మీదే తీసుకోవాలి, ఎందుకు తీసుకుంటున్నామో అందులో తెలుగులో ఉంటుంది, చదివి వినిపించాలి. నేను బుద్ధిగా తలూపాను. తలూపడంలో నాకు చిన్నప్పటి నుంచీ నూటికి నూరే.

మగవాళ్ళతో ఇబ్బంది లేకపోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో మా స్నేహితుడి హాస్టల్‌కి వెళితే, కోచింగ్ కుర్రాళ్ళు చదువు తప్పించుకునే పని దొరికిందని వరసలో నిలబడి మరీ వేళ్ళిచ్చారు. సిరా చేతులు తుడుచుకోవడానికి మిగిలిన ఫారాలు కూడా వాళ్ళే వాడేశారు. ఇక ఆడవాళ్ళ సంగతి. ఎల్బీ నగర్‌లో విజయవాడ బస్సులు ఆగే చోటికి వెళ్ళి ఒకావిడని, "అమ్మా, మీ బొటనవేలు ఒకసారి ఇస్తారా" అని అడిగాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, బ్యాగు ఈ భుజం మీద నుంచి ఆ భుజానికి మార్చుకుని, గబగబా రోడ్డు దాటేసింది. ఇంకొకరిని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

నా దిగాలు మొహం చూసి సత్తెమ్మ ఆంటీయే దారి చూపింది. ప్రతి శనివారం వాళ్ళింట్లో భజన. చుట్టుపక్కల ఆడవాళ్ళంతా వస్తారు. ఆంటీ ఒక్క మాట చెబితే చాలు, అందరూ వేలు పెడతారు. రొట్టె విరిగి నేతిలో పడిందనుకున్నాను. అది పడింది పొయ్యిలో అని ఆదివారానికి గానీ తెలియలేదు.

మళ్ళీ ఫారాలు అచ్చేయించడానికి బద్ధకించి తెల్ల కాగితాలు పట్టుకెళ్ళాను. అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? గీతల లెక్క రాసుకోవడానికి చోటు కావాలని ముద్రలన్నీ కాగితం అడుగున వేయించాను. పైనంతా ఖాళీ. వచ్చినవాళ్ళలో నలుగురు లక్ష్ములు, ముగ్గురు యాదమ్మలు ఉండేసరికి పక్కన భర్త పేరూ, ఇంటి నంబరూ కూడా రాసుకున్నాను. పాపం వాళ్ళు నవ్వుతూ, నాకెన్ని శంఖాలున్నాయి, నాకెన్ని చక్రాలున్నాయి అని జాతకం అడుగుతూ సిరాలో వేళ్ళు ముంచారు. నేను అందరికీ చక్రాలే ఎక్కువని చెప్పి సంతోషపెట్టాను.

తెల్ల కాగితం అడుగున వేలిముద్రంటే ఏమిటో మీకు వేరే చెప్పాలా? పైన ఏం రాసుకుంటే అది. అందులోనూ ఆ గల్లీలో ప్రతి ఇంటికీ తుర్కయంజాల్ వైపు ఓ చిన్న ప్లాటుంది. ఆ ప్లాట్లన్నీ ఆడవాళ్ళ పేరు మీదే రిజిస్టరై ఉన్నాయి. ఈ సంగతి గల్లీలో కుక్కలకి కూడా తెలుసు. నాకొక్కడికే తెలియదు.

ఆదివారం సాయంత్రం లెక్కపెడుతూ కూర్చున్నాను. మెట్ల మీద చెప్పుల చప్పుడు. ముందు మల్లేశం గారు. ఆ చివరింటి లక్ష్మిగారి భర్త, చేటంత మీసం, మనిషి తలుపంత. వెనక మిగతా భర్తలు, వాళ్ళ వెనక భార్యలు.

"తమ్మీ, మా ఆమెతోని తెల్ల కాయితం మీద వేలిముద్ర ఎందుకేపిచ్చినవ్?"

"ప్రాజెక్టు కోసమండి."

"ఏడుంది ప్రాజెక్టు? ఎన్నెకరాలు?"

చదువుకి సంబంధించిందని చెప్పి, నమ్మకం కలగడానికి మగవాళ్ళ ఫారాలు చూపించాను. అదింకా కొంప ముంచింది. ఆయన ఒకటి అటూ ఇటూ తిప్పి చూశారు.

"మొగోళ్లయేమో అచ్చు ఫారం మీద. ఆడోళ్లయేమో ఖాళీ కాయితం మీద. ప్లాట్లు ఎవరి పేర్ల మీదున్నయో నీకు మంచిగనే ఎర్క."

ఎవరో పోలీసులన్నారు. ఎవరో కాగితాలు చింపెయ్యమన్నారు. చింపితే నా సంవత్సరం పోతుంది, చింపకపోతే నా ఎముకలు పోతాయి. సత్తెమ్మ ఆంటీ అడ్డం వచ్చి, పిలగాడు మంచోడు, నాది పూచీ అంటోంది గానీ ఆవిడ గొంతులోనే అనుమానం మొదలైంది. అది విని నిజంగా ఏడుపొచ్చింది. ఆ కంగారులో నా నాలుక నన్నడగకుండా ఒక మాటనేసింది.

"నేను నిజంగా అదే చదువుతున్నానండి. ముద్ర చూపిస్తే చాలు, ఆడవాళ్ళదో మగవాళ్ళదో చెప్పేస్తాను."

ఇది ఏ పుస్తకంలోనూ లేదు. చాలా మందివి కలిపి సగటు తీస్తే తేడా కనిపిస్తుందే తప్ప, ఒక్క వేలు చూసి ఒట్టేసి చెప్పకూడదని మేడం పదిసార్లు చెప్పారు. అప్పుడు కూడా తలూపాను.

పందెం ఖాయమైంది. చెప్పగలిగితే కాగితాలు నావి, లేకపోతే పొయ్యిలోకి. వాళ్ళంతా కిందికెళ్ళి ఎవరివో రెండు ముద్రలు వేయించి, పేర్లు లేకుండా తెచ్చిచ్చారు. భూతద్దం పెట్టుకున్నాను. గడి గీసి ఒక్కో గీతా లెక్కపెట్టాను.

మొదటిది వెడల్పు గీతలు, లావుగా, అక్కడక్కడా అరిగిపోయి. "మగవాళ్ళది" అన్నాను. రెండోది సన్నని నేతలా ఎంత ముచ్చటగా ఉందో. "ఇది ఆడవాళ్ళదే, అనుమానమే లేదు. చాలా సుకుమారమైన చెయ్యి" అని కూడా అన్నాను. ఆ ఆఖరి మాట ఎందుకన్నానో ఈ రోజుకీ తెలియదు.

ఆంటీ మెల్లగా చెప్పింది. "మొదటిది నాది బిడ్డా. ఇరవై ఏండ్లు ఇటుకలు మోసిన చేతులివి."

రెండోది ఎవరిదని నేను అడగలేదు. మల్లేశం గారు సిరా అంటిన తన బొటనవేలు పైకెత్తారు.

అయిపోయింది నా పని అనుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. ముందుగా నవ్వింది లక్ష్మిగారు. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. తర్వాత గల్లీ గల్లీయే నవ్వింది. ఆంటీ కళ్ళు తుడుచుకుంటూ తీర్పు చెప్పింది.

"ఎదురుంగ గింత మీసం పెట్టుకొని నిలవడ్డ మొగోణ్ని ఆడదన్నడు. గీనె మన ప్లాట్లు ఎట్ల గుంజుకుంటడు?"

ఆ మాటతో అందరికీ నా మీద నమ్మకం కుదిరింది. నా తెలివితక్కువతనానికి అంత గట్టి సాక్ష్యం ఇంకెక్కడ దొరుకుతుంది? కాగితాలు దక్కాయి. కానీ సుకుమారమైన చెయ్యి గల మల్లేశం గారు మాత్రం నవ్వలేదు. ఒక తెల్ల కాగితం నా ముందు పెట్టి, జమానత్ అన్నారు, అంటే హామీ. మా ఆడోళ్లవి నీ తాన ఉన్నయ్ కదా, నీదొకటి మా తాన ఉండాలె అన్నారు.

నాకు ఇల్లు లేదు, ప్లాటు లేదు, సైకిలు కూడా లేదు. అయినా ఆ ఖాళీ కాగితం అడుగున వేలు పెట్టేముందు పైన ఎంత చోటుందో రెండుసార్లు చూసుకున్నాను. నిన్న నవ్వుతూ వేలిచ్చిన ఆ నలభై మందికీ మనసులో క్షమాపణ చెప్పుకున్నాను.

ప్రాజెక్టు పాసైంది, ఉద్యోగమొచ్చింది. మల్లేశం గారు దాచమని ఇచ్చిన ఆ కాగితం మాత్రం ఆంటీ బీరువాలోనే ఉంది. ఫోన్ చేసినప్పుడల్లా పైన ఏమైనా రాశారా అని అడుగుతాను. ఆవిడ ప్రతిసారీ ఒకటే చెబుతుంది.

"ఇంక రాయలే బిడ్డా. నువ్వో ప్లాటు కొన్నంక రాస్తం."

అందుకని, పది వేళ్ళూ జోడించి మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. వేలు చూసి ఆడా మగా చెప్పను. తెల్ల కాగితం మీద ఎవరి ముద్రా తీసుకోను. ముఖ్యంగా, ఈ జన్మలో ప్లాటు కొనను.