నాయనమ్మ రోలుకు ఇనుప కంచె

నెక్కొండ దగ్గర మా ఊళ్లో, పాతింటి ముందున్న నాయనమ్మ రోలు చుట్టూ నిన్న ఇనుప కంచె చూసి ఒళ్లు మండిపోయింది. ‘కాకతీయుల నాటి దీపపు గుంట’ అని బోర్డొకటి!

ఆ రాతి పక్కన చెక్కిన హంస కాకతీయులదే, కాదనను. కానీ పైనున్న గుంట మా నాయనమ్మ ఏళ్ల తరబడి తొక్కు నూరితే పడింది. నూరాక రోటికి అంటుకున్న పండుమిర్చి తొక్కులో వేడన్నం కలిపి పిల్లలందరికీ ముద్దలు పెట్టేది. మీ ఇళ్లలోనూ అంతే కదా, గుర్తుందా? ముక్కు కారుతున్నా ఇంకో ముద్ద అడిగేవాళ్లం.

ఇదంతా అక్కడి గైడుకు చెబితే, “చరిత్ర తెల్వకుంటే ఎట్లక్కా? దండం పెట్టి జర పక్కకు జరుగుర్రి, ఫొటోలకు అడ్డమైతాంది” అన్నాడు.

గుంటలో ఎవరో దీపం వెలిగించారు. దండం పెట్టాను. కాకతీయులకు కాదు, నాయనమ్మకు.